మధ్య గీత

నాటింగ్‌హామ్‌లో జనవరి. నాలుగింటికే చీకటి.
మూతపడ్డ లేసు మిల్లు రెండో అంతస్తులో
హిల్డా ఓక్లీ బల్లమీది దీపం వెలిగించింది.
నలభై ఏళ్లు ఊరందరికీ కట్టుడుపళ్లు చేసిన చేతులు,
ఇప్పుడు అవే పనిముట్లతో
బొటనవేలంత సైనికులకి పళ్లు పెడుతున్నాయి.

నేను ట్రామ్ నడుపుతాను.
రోజుకి వేలమందిని మోస్తాను,
ఒక్క ముఖమూ గుర్తుండదు.
శనివారం రాత్రి ఆటబల్ల మీద నిలబెట్టడానికి
కొట్లో దొరకని మంత్రగత్తె ఒకతె కావాలి నాకు.
నా చేత్తో చేసిందే కావాలి.

జేబులోంచి పుట్టీ పట్టీ తీశాను.
సగం నీలం, సగం పసుపు,
ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్న రెండు రిబ్బన్లు.
గబగబా పిసకబోతే,
"ఆగు బాతూ" అంది.
ఈ ఊళ్లో ముద్దొస్తే ఎవరైనా బాతే,
ట్రామ్ డ్రైవరైనా సరే.

బ్లేడుతో రెండు రంగుల నడుమ
సన్నటి గీతని కోసి బుట్టలో పారేసింది.
"ఇవి తాకిన చోట, పొట్లంలో ఉండగానే,
ఎవరూ పిసక్కుండానే బిగుసుకుపోయింది.
అది కలిసిందా, ముద్దంతా పంటికింద రాయి.
పళ్ల సంగతి నాకు తెలుసులే."

తొడుగులు వేసుకున్నాను. సమానంగా కోశాను.
పసుపు ఎక్కువైతే వేలు వదలని జిగట,
నీలం ఎక్కువైతే మాట వినని మొండి.
పిసికాను.
చారలు.
ఇంకా పిసికాను. ఇంకా చారలు.
మణికట్టు లాగేసే వేళకి
ఒకటే రంగు,
లేత చిక్కుడాకు పచ్చ.

"గంటన్నర ఉంది" అంది, టీ పెట్టడానికి లేస్తూ.

గంటన్నరలో మొత్తం మనిషిని చేసేద్దామనుకున్నాను.
సీసా బిరడాకి గుచ్చిన తీగ మీద
కాలు, కోటు, టోపీ, అన్నీ ఒకేసారి.
కోటు నొక్కితే కాలు అణిగింది,
కాలు సర్దితే మోకాలు వీపుకెక్కింది.
వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు,
కోతయినా బాగుండేది.
నాది ఉడికిన బంగాళాదుంప.

హిల్డా నవ్వలేదు. అదే భయమేసింది.
"తీగ మీద కండ.
కండ ఎండాక చొక్కా. చొక్కా ఎండాక గుండీ.
రాత్రికి ఒక్క పొర, బాతూ.
పనిముట్టు తడుపుకో. నాలుకతో కాదు,
గిన్నెలో నీళ్లెందుకు పెట్టాననుకున్నావ్!"

మొదటి గురువారం ఒట్టి నడుం.
రెండోది తుంటి, భుజాలు.
మూడో గురువారం కోటు మడతలు. ఆరోజు మంచు పడింది.
తలుపు దగ్గర విప్పిన నా కోటు
మోచేతి దగ్గర ఎలా ముడుచుకుందో
మొదటిసారి చూశాను.

నాలుగో గురువారం ముఖం.
ఆవగింజంత ముద్ద ముక్కు.
సూదితో రెండు గుంటలు,
తడి వేలితో గడ్డం కాస్త ముందుకి తోశాను.
కాస్తే.
ఎవరో చూసింది నావైపు.
తెలిసిన మనిషే. ఎవరో అందలేదు.

మర్నాడు పొద్దున్న ఐదున్నర ట్రామ్‌లో ఎక్కింది,
ఆఫీసులు ఊడ్చే ఆవిడ,
కిటికీకి తల ఆనించి, గడ్డం ముందుకి సాచి
ఆఖరి స్టాపు దాకా నిద్రపోయే ఆవిడ.
నా బుర్రకి లేని జ్ఞాపకం
వేళ్లకెలా వచ్చిందో.

శనివారం బల్ల మీద నిలబెట్టాను.
కెల్విన్ మరుగుజ్జు దొంగ
మొదటి పాచికకే నరికేశాడు.
నాలుగు వారాలు.
నాలుగు క్షణాలు.
అందరికన్నా పెద్దగా నవ్వింది నేనే.
చచ్చినామెని దూదిలో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

సోమవారం. ఐదున్నర. అద్దంలో ఆవిడ
చలికి టోపీ పైకి జరిపి చెవి రుద్దుకుంది.
చెవి చిన్నది చేశాను నేను.
సిగ్నల్ పచ్చబడింది.
గురువారానికి ఇంకా మూడు రోజులుంది.